ఫుల్ స్ట్రెంగ్త్ సిగార్ ఎంపిక: ఘాటు ఒక్కటే చూడకండి, చివరి మూడో వంతు చూడండి

పెట్టె మీద 'ఫుల్' అని ఉన్న సిగార్లు నాలుగు తెచ్చి పక్కపక్కన పెట్టండి. ఒకటి వెలిగించగానే మిరియాల కారం ముక్కుకెక్కుతుంది, పది నిమిషాల్లో చప్పబడుతుంది. ఇంకొకటి అరగంట దాకా మెత్తగా, కాస్త తియ్యగా కాలి, కుర్చీలోంచి లేవబోయేసరికి తల తిప్పుతుంది. మూడోది చేదు తప్ప ఏమీ మిగల్చదు. నాలుగోది సగం దాటాక అసలు సంగతి చెప్పడం మొదలుపెడుతుంది. నాలుగూ ఫుల్లే. అందుకే ఏది ఎక్కువ ఘాటు అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎంపిక ముందుకు సాగదు. ఘాటు పెరిగేకొద్దీ రుచి నిలబడుతోందా, నలిగిపోతోందా అన్నది చూడాలి. ఆ తేడా తెలిసేది చివరి మూడో వంతులో. ఈ పోలికంతా ఆ ఒక్క కొలమానం మీదే నడుస్తుంది.

ఘాటు, బాడీ, ఫ్లేవర్: మూడూ వేర్వేరు

ఘాటు అంటే నికోటిన్. అది నాలుక మీద కన్నా ఒంట్లో తెలుస్తుంది: కడుపులో, కణతల దగ్గర, అరచేతుల చెమటలో. బాడీ అంటే నోట్లో పొగ చిక్కదనం, దాని బరువు. ఫ్లేవర్ అంటే రుచి, వాసన ఎంత గట్టిగా తగులుతున్నాయన్నది. ఈ మూడూ కలిసే పెరగాలన్న నియమం లేదు. ఫ్లేవర్ నిండుగా ఉండి ఘాటు మధ్యస్థంగా ఉన్న సిగార్లు చాలా ఉన్నాయి. ఘాటు మాత్రం విపరీతంగా ఉండి, రుచి అంటూ చెప్పుకోవడానికి కారం తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. ఎవరైనా ఒక సిగార్‌ని 'చాలా స్ట్రాంగ్' అంటే, నాలుక మండిందా, పొగ బరువుగా ఉందా, తల తిరిగిందా అని అడగండి. జవాబును బట్టి మీరు కొనాల్సింది మారిపోతుంది.

రంగును నమ్మకండి. పై ఆకు, అంటే రాపర్, ఎంత నల్లగా ఉంటే సిగార్ అంత ఘాటు అనుకోవడం చాలామందికి అలవాటు. మదూరో అనే నల్ల రాపర్‌కి ఆ నలుపు ఎక్కువ వేడిలో, ఎక్కువ కాలం పులియబెట్టడం వల్ల వస్తుంది. ఆ క్రమంలో ఆకులోని కటువుదనం తగ్గి, కోకో, కాఫీ తరహా తీపి పైకి తేలుతుంది. హబానో అనే గోధుమరంగు రాపర్ చుట్టిన సిగార్ నల్లటి మదూరో కంటే ఎంతో ఘాటుగా ఉండొచ్చు.

ఘాటు అసలు పుట్టేది లోపలి ఫిల్లర్‌లో, ఆ ఆకు మొక్క మీద ఏ ఎత్తులో పెరిగిందన్న దాన్ని బట్టి. అడుగు ఆకులు వోలాడో: పలచగా ఉంటాయి, నిప్పు బాగా అందుకుంటాయి. మధ్యలోవి సెకో: సువాసన ఎక్కువగా వీటిదే. పై ఆకులు లిగేరో: ఎండ ఎక్కువ తగిలి మందంగా, జిడ్డుగా, నికోటిన్‌తో నిండి ఉంటాయి. పూమొగ్గ తుంచేస్తే మొక్క బలమంతా ఆకుల్లోకే మళ్లుతుంది కాబట్టి పైవి ఇంకా దళసరి అవుతాయి. కొన్ని మొక్కలకే, అదీ కొస మీద, మెదియో తియెంపో అనే చిన్న ఆకులు వస్తాయి. అవి లిగేరో కంటే గట్టివి. 2010లో వచ్చిన కోహీబా బెహీకే పేరు మోగడానికి ఒక కారణం ఆ ఆకును అందులో వాడటం.

లిగేరో నెమ్మదిగా కాలుతుంది. అందుకే చుట్టేవాళ్లు దాన్ని సరిగ్గా నడిమధ్యలో పెడతారు. పక్కకు జరిగితే సిగార్ ఒకవైపే కాలిపోతుంది. బూడిద రాల్చినప్పుడు నిప్పు కొస శంకువులా మొనదేలి కనిపిస్తే లిగేరో ఉండాల్సిన చోట ఉందని అర్థం. ఫుల్ సిగార్ తయారీ బాగుందో లేదో చెప్పే గుర్తుల్లో నేను దీన్ని బాగా నమ్ముతాను.

పోలికకు ముందు ఆరోగ్యం మాట

సిగార్ పొగ క్షార స్వభావం ఉన్నది. అందువల్ల నికోటిన్ ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండానే నోటి లోపలి పొరల గుండా రక్తంలో కలుస్తుంది. పొగ మింగను కదా అన్న ధీమా ఇక్కడ పనిచేయదు. పెద్ద సైజు ప్రీమియం సిగార్ ఒక్కదానిలో ఒక సిగరెట్ ప్యాకెట్టంత పొగాకు ఉండొచ్చు. సిగార్ పొగ నోటి, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు కారణమవుతుంది. చేత్తో చుట్టినదైనా, ఎంత ఖరీదుదైనా ఈ విషయంలో మినహాయింపు లేదు. పొగ తాగని వాళ్లు ఇది చదివి మొదలుపెట్టాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి వెళ్లకూడదు. పక్కన కూర్చున్నవాళ్ల ఊపిరి కూడా మన బాధ్యతే.

తాగేవాళ్లు గుర్తుంచుకోవాల్సినది ఒకటుంది: ఖాళీ కడుపుతో ఫుల్ సిగార్ వెలిగించకండి. చల్లటి చెమట, వెక్కిళ్లు, వికారం, గుండె దడ, వీటిలో ఏది మొదలైనా సిగార్ అక్కడే ఆపేసి గాలి ఆడేచోట కూర్చోండి, నీళ్లు తాగండి. చాలామందికి కాస్త తీపి తీసుకుంటే తేరుకున్నట్టు ఉంటుంది. సగంలో వదిలేశానే అని బాధపడకండి. వదిలేసిన చోటు కూడా ఆ సిగార్ గురించి మీకు దొరికిన సమాచారమే, నోట్స్‌లో రాసుకోండి.

నికరాగ్వా: మొదట ఇక్కడ ఆగాలి

ఫుల్ సిగార్ల చర్చ నికరాగ్వా లేకుండా సాగదు. ఆకులన్నీ ఒకే దేశానివైతే ఆ సిగార్‌ని పూరో అంటారు. నికరాగ్వా పూరోల్లో ఘాటుకీ రుచికీ ఇంత వైవిధ్యం కనిపించడానికి కారణం అక్కడి లోయల మధ్య తేడా. ఎస్తెలీ నేల నల్లగా, బరువుగా ఉంటుంది. అక్కడి ఆకు గట్టిది, మిరియాల కారం, మట్టి వాసన దాని గుణాలు. హలాపా ఆకు తియ్యగా, నాజూకుగా ఉంటుంది. కొందేగా ఈ రెండింటి మధ్యలో నిలుస్తుంది. నికరాగ్వా సరస్సులోని అగ్నిపర్వత ద్వీపం ఒమెతేపేలో పండే ఆకుకు మట్టి తీపి లాంటి ప్రత్యేక గుణం ఉంది. ఒక బ్లెండ్‌లో, అంటే ఆకుల మిశ్రమంలో, ఎస్తెలీ వంతు ఎంత, హలాపా వంతు ఎంత అన్నదాన్ని బట్టి అది మిమ్మల్ని గుద్దుతుందా, పక్కన కూర్చుని మాట్లాడుతుందా అన్నది తేలిపోతుంది.

ఆ దేశంలో చాలా భాగం పొగాకు 1959 తర్వాత క్యూబా వదిలి వెళ్లిన కుటుంబాలు తమతో తీసుకెళ్లిన విత్తనాలకు, చేతి విద్యకు వారసత్వం. 1968లో ఎస్తెలీలో మొదలైన హోయా డి నికరాగ్వా అక్కడి పాత కర్మాగారం. వాళ్ల అంతాన్యో 1970 ఘాటు అంటే ఏమిటో సూటిగా చూపించే సిగార్. తోలు, కారం, ముదురు మట్టి. మొహమాటం ఏమీ ఉండదు. మీ హద్దు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇది మంచి కొలబద్ద. మొదటి ఫుల్ సిగార్‌గా మాత్రం నేను చేతికివ్వను.

పడ్రోన్ 1926 దీనికి పూర్తిగా వేరే దారి. హోసే ఒర్లాండో పడ్రోన్ 1964లో మయామీలో మొదలుపెట్టిన కంపెనీ అది. 2017లో ఆయన చనిపోయేదాకా ఆయన నీడలోనే నడిచింది. 1926 సిరీస్‌కి కనీసం ఐదేళ్లు నిల్వ ఉంచిన ఆకు వాడతామని కంపెనీ చెబుతుంది. ఆ వయసు రుచిలో కనిపిస్తుంది. ఘాటు ఉంది, కానీ అది కోకో, కాఫీ, కాల్చిన గింజల వాసన వెనక నిలబడి ఉంటుంది. నలుచదరంగా నొక్కిన ఆకారం, నిదానంగా కాలే నడక. ఫుల్ సిగార్ అంటే మొరటుగానే ఉండాలనుకునేవాళ్ల అభిప్రాయం మారడానికి ఇది ఒక్కటి చాలు.

పడ్రోన్‌తో ఒక ప్రయోగం చెప్తాను. 1926 గానీ, దాని కన్నా ముందు 1994లో వచ్చిన 1964 ఆనివర్సరీ గానీ, నాచురల్, మదూరో రెండు రాపర్లతోనూ దొరుకుతాయి. ఒకే సైజులో రెండూ తీసుకుని వేర్వేరు రోజుల్లో, ఒకే వేళలో వెలిగించండి. రెంటి మధ్య ప్రధానంగా మారేది పై ఆకు ఒక్కటే. నాచురల్‌లో గింజల పొడి వాసన, కాస్త పదును; మదూరోలో గుండ్రటి తీపి. రాపర్ ఎంత పని చేస్తుంది, ఎంత చేయదు అన్నది ఇంత స్పష్టంగా చూపించే జత మరొకటి నాకు తట్టదు. నల్లగా ఉన్నదే ఘాటు అన్న భ్రమ కూడా ఈ రెండు సిగార్లతో వదులుతుంది.

మూడో తరహా హోసే 'పెపిన్' గార్సియా కుటుంబానిది. వాళ్ల మై ఫాదర్ సిగార్లలో మొదటి అంగుళంలో మిరియాల దాడి పేరుపడ్డది. ఆ దాడి చూసి సిగార్ మొత్తం అదే అనుకుని పక్కన పెట్టేస్తే నష్టం మీదే. ఆ కారం దిగాకే లోపలి తీపి బయటపడుతుంది. సిగార్ అఫిసియొనాడో పత్రిక 2015లో ఏటి మేటి సిగార్‌గా ఎంచినది వీళ్ల లె బిజూ 1922 టార్పెడో.

బ్రాడ్‌లీఫ్: తీపి వెనక దాగిన బలం

అమెరికాలోని కనెక్టికట్ నది లోయలో ఎండలో పెరిగే బ్రాడ్‌లీఫ్ మొక్కని ఆకు ఆకుగా కోయరు, కాండంతో సహా నరికి ఆరబెడతారు. మందపాటి, నరాలు తేలిన, జిడ్డు మెరుపున్న ఆకు అది. దాని ముదురు బెల్లపు తీపి, మట్టి వాసన, డార్క్ చాక్లెట్ చేదు మరే ఆకుకూ రావు. లీగా ప్రివాడా నం. 9 ఈ వర్గానికి బాగా తెలిసిన ప్రతినిధి: బ్రాడ్‌లీఫ్ రాపర్, దాని కింద ఫిల్లర్‌ని పట్టి ఉంచే బైండర్‌గా బ్రెజిల్ మాతా ఫీనా ఆకు, లోపల హోండురాస్, నికరాగ్వా ఆకులు. నోట్లో నిండే పొగ ఎంత దట్టమంటే, బాడీ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మాటల కన్నా ఇదే మంచి జవాబు.

ఈ వర్గంతో జాగ్రత్త పడాల్సింది తీపి దగ్గర. నాలుకకు హాయిగా ఉంది కదా అని పఫ్ వేగం తెలియకుండానే పెరుగుతుంది, ఘాటు అరగంట తర్వాత ఒక్కసారిగా మీద పడుతుంది. ఇంకోటి, మందపాటి ఆకు కాబట్టి కాలే అంచు వంకరపోవడం మామూలే. నికరాగ్వా హబానో రాపర్ ఉన్న సిగార్ అలా కాలితే నేను మార్కులు తగ్గిస్తాను. బ్రాడ్‌లీఫ్ అయితే ఒకటి రెండుసార్లు లైటర్ చూపించి సరిచేయడం తప్పుగా లెక్కేయను. మెక్సికోలోని సాన్ ఆంద్రేస్ రాపర్ కూడా ఇదే వరసలోది, దాని తీపిలో సుద్ద, ఖనిజం వంటి పొడిదనం ఎక్కువ. బ్రాడ్‌లీఫ్ తీపి వెగటనిపించేవాళ్లు అటు చూడొచ్చు.

హోండురాస్, డొమినికన్, క్యూబా

హోండురాస్‌లో హమాస్త్రాన్ లోయ కొరోహో అనే రకం ఆకుకు పేరు. కమాచో కొరోహో ఆ రుచికి సూటి ఉదాహరణ: పొడిగా, దేవదారు చెక్క వాసనతో, నాలుక పక్కల చురుక్కుమనే కారంతో ఉంటుంది. తీపి తక్కువ. నికరాగ్వా వాటి కంటే రుచి ఇరుకైనదే, కానీ ఆ ఇరుకులో స్పష్టంగా ఉంటుంది. తీపి అడ్డు రాకుండా పొగాకును పొగాకులా రుచి చూడాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది దీన్నే.

డొమినికన్ రిపబ్లిక్ అంటే మెత్తటి సిగార్లన్న ముద్ర చాలాకాలం ఉండేది. మంచి రాపర్ ఆకు అక్కడ పండదన్న మాట కూడా ప్రచారంలో ఉండేది. ఫువెంతే కుటుంబం తమ షాతో డి లా ఫువెంతే తోటలో సొంత రాపర్ పండించి, 1995లో ఫువెంతే ఫువెంతే ఓపస్ ఎక్స్ తెచ్చి ఆ రెంటినీ ఒకేసారి తుడిచేసింది. దాని ఘాటులో ఒక ఎత్తైన, పదునైన గుణం ఉంటుంది: ఎర్ర మిరియం, దేవదారు, ఎండిన పళ్ల పులుపు. తాజాగా కొన్నది కాస్త దూకుడుగా ఉంటుంది. ఒకటి రెండేళ్లు హ్యూమిడార్‌లో, అంటే తేమ నిలిపే పెట్టెలో, ఉంటే పళ్ల వైపు ముందుకొస్తుంది. లిట్టో గోమెజ్ బ్రాండు లా ఫ్లోర్ డొమినికానా మరో కొస. డబుల్ లిగేరో అన్న పేరే వాళ్ల ఉద్దేశం చెబుతుంది. ఉలిలా చదునుగా తీర్చిన చిజెల్ ఆకారం పొగను నాలుక మీదికి సన్నగా పంపుతుంది. ఘాటులో అంతాన్యోకి తీసిపోదు, కానీ తయారీ మరింత నున్నన.

క్యూబా దగ్గర అంచనా మార్చుకోవాలి. బొలీవార్ బెలికోసోస్ ఫీనోస్, పార్టగాస్ సెరీ డి నం. 4 వంటివి క్యూబా వరసలో ఫుల్ కిందకే వస్తాయి. ఐతే ఎస్తెలీ లిగేరోకి అలవాటుపడ్డ ఒంటికి అవి మధ్యస్థానికి కాస్త పైన అనిపించవచ్చు. అది వాటి లోపం కాదు. క్యూబాలో పొగాకుకు పేరున్న వుయెల్తా అబాహో ప్రాంతపు ఆకులో నేల వాసన, తోలు, ఒక ఉప్పటి కమ్మదనం కలిసి ఉంటాయి, నికోటిన్ వాటిని కమ్మేయదు. నా కొలమానం ప్రకారం చివరి మూడో వంతులో రుచి నిలబెట్టుకోవడంలో మంచి బొలీవార్‌కి పోటీ తక్కువ. చేతి పని నిలకడ మాత్రం ఒక పెట్టెకీ మరో పెట్టెకీ మారుతుంది; బిగుతు డ్రా, అంటే లాగితే పొగ సరిగా రాకపోవడం, ఎదురయ్యే అవకాశం ఎక్కువ. పెట్టె అడుగున ముద్రించిన నెల, ఏడాది కోడ్ చూసి, రెండు మూడేళ్లు దాటినది దొరికితే అదే తీసుకోండి. నకిలీలు విపరీతంగా తిరిగే సరుకు కాబట్టి అధీకృత విక్రేత దగ్గర తప్ప కొనకండి.

సైజు

రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతుల్లో లావు. 50 రింగ్ అంటే దాదాపు 20 మిల్లీమీటర్లు. 42 రింగ్ కొరోనా నుంచి 60 రింగ్ గోర్డోకి వెళ్తే లావు సగం కన్నా తక్కువే పెరిగినట్టు కనిపిస్తుంది. లోపల కాలే వైశాల్యం మాత్రం రెట్టింపవుతుంది. రాపర్ పెరిగేది చుట్టుకొలత మేరకే కాబట్టి లావు సిగార్లలో దాని గొంతు తగ్గి ఫిల్లర్ గొంతు పెరుగుతుంది. సన్నటి లాన్సెరోలో పై ఆకు రుచి ముందుకొస్తుంది, కానీ త్వరగా వేడెక్కుతుంది. ఫుల్ బ్లెండ్‌ని లాన్సెరోలో తాగాలంటే ఓపిక కావాలి.

పోల్చడానికి నేను ఎప్పుడూ రొబుస్తోనే ఎంచుకుంటాను: 5 అంగుళాలు, 50 రింగ్. దాదాపు ప్రతి బ్రాండులో ఉంటుంది, ముప్పావు గంట నుంచి గంటలో అయిపోతుంది, మూడు భాగాలూ చూసే వీలిస్తుంది. ఒక బ్రాండు టోరో సైజుని మరో బ్రాండు కొరోనా సైజుతో పోల్చి తీర్పు చెప్పడం రెంటికీ అన్యాయమే.

రుచి చూసే పద్ధతి

రెండు ఫుల్ సిగార్లు ఒకే సాయంత్రం వెలిగించి పోల్చకండి. మొదటిదాని నికోటిన్ ఒంట్లో ఉండగా రెండోదాని ఘాటు తెలియదు, నాలుక కూడా మొద్దుబారి ఉంటుంది. మధ్యలో కనీసం రెండు మూడు రోజులు వదిలి, అదే వేళకు, అదే రకం భోజనం తర్వాత, పక్కన మంచినీళ్లు మాత్రమే పెట్టుకుని వెలిగించండి. కాఫీ, మద్యం జతలు బాగుంటాయి, కానీ అవి సిగార్ లోపాన్ని కప్పేస్తాయి. ఎంపిక అయ్యాక ఆ ముచ్చట తీర్చుకోవచ్చు.

ప్రయాణం చేసి వచ్చిన సిగార్‌ని రెండు మూడు వారాలు హ్యూమిడార్‌లో ఉంచండి. తేమ 70 శాతం అని అందరూ చెప్తారు. లిగేరో ఎక్కువున్న జిడ్డు ఆకులకు నేను 65 దగ్గరే ఉంచుతాను. తేమ ఎక్కువైతే నిప్పు తడబడుతుంది, పొగ పుల్లబడుతుంది, తప్పు బ్లెండ్ మీదికి పోతుంది. వెలిగించే ముందు కొస వాసన చూడండి. అమ్మోనియా ఘాటుగా తగిలితే పులియడం ఇంకా పూర్తికాలేదని అర్థం. ఆ రోజు దానికి మార్కులు వేయకుండా తిరిగి లోపల పెట్టేయండి. మెల్లగా వేళ్లతో నొక్కుతూ వెళ్లండి. ఒకచోట మెత్తగా, మరోచోట గట్టిగా ఉంటే నిప్పు అక్కడ దారి తప్పుతుంది. నోట్లో పెట్టుకునే కొస మీది టోపీ కత్తిరించి, వెలిగించకుండానే ఒకసారి లాగి చూడండి. ఆ చల్లటి డ్రాలో ఎండుద్రాక్ష, ఎండుగడ్డి, కోకో లాంటి వాసనలు తెలుస్తాయి, బిగువు కూడా తెలుస్తుంది.

మంట నేరుగా తగలకుండా కొస చుట్టూ వేడి చూపించి ఎర్రబడనివ్వండి, తర్వాతే లాగండి. మొదటి అరంగుళం తీర్పుకు లెక్కలోకి రాదు. ఆపైన నిమిషానికి ఒక పఫ్ చాలు. 'మరీ ఘాటు' అని పక్కన పెట్టేసిన సిగార్లలో చాలావాటి అసలు సమస్య వేగమే. పఫ్ మీద పఫ్ లాగితే నిప్పు వేడి పెరిగి ఏ పొగాకైనా చేదెక్కుతుంది. చేదు వచ్చిందంటే రెండు నిమిషాలు కింద పెట్టి, మళ్లీ నెమ్మదిగా లాగి చూడండి. తగ్గిపోతే తప్పు మీ వేగానిది. తగ్గకపోతే సిగార్‌ది.

నాలుక గుర్తుపట్టేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, కమ్మదనం మాత్రమే. తోలు, దేవదారు, కోకో అంటూ మనం చెప్పేవన్నీ ముక్కు పని. అందుకే రెట్రోహేల్, అంటే పొగను ముక్కులోంచి వదలడం, లేకుండా మూల్యాంకనం సగమే. ఫుల్ సిగార్‌తో ఇది నోటినిండా పొగతో చేయకండి. ముప్పాతిక వంతు పొగ నోటితో వదిలేసి, మిగిలిన కాస్తంత ముక్కులోంచి నెమ్మదిగా పంపండి. పొగ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మొదటి మూడో వంతులో ఒకసారి, రెండో దాంట్లో ఒకసారి, మూడో దాంట్లో ఒకసారి చేస్తే చాలు. మంచి ఫుల్ సిగార్ ముక్కులో చురుక్కుమన్నాక ఏదో ఒక వాసన మిగుల్చుతుంది. మామూలుది మంట మాత్రమే మిగుల్చుతుంది.

చివరి మూడో వంతు గురించి ఎందుకింత పట్టు అంటే, కాలుతున్న కొద్దీ పొగలోని తారు, నికోటిన్ కొంత వెనకనున్న పొగాకులో పేరుకుంటాయి. ఆఖరి భాగం సహజంగానే ఘాటెక్కుతుంది, వేడెక్కుతుంది. తక్కువ కాలం పులిసిన లిగేరో ఉంటే అక్కడ దాచడం కుదరదు. ఆ భాగంలో మొదట కనబడ్డ రుచులు ముదురుగా మారి కొనసాగుతున్నాయా, లేక వేడి, చేదు, కారం తప్ప ఏమీ లేవా? మీ నోట్స్‌లో ఈ ఒక్క వాక్యానికి మిగతా అన్నిటికన్నా బరువివ్వండి. బూడిద తెలుపు, పొడవు చూడటానికి బాగుంటాయి. రంగు ఎక్కువగా నేలలోని ఖనిజాల పని, నాణ్యతకు రుజువు కాదు.

పత్రికలు వాడే 100 పాయింట్ల పద్ధతిలో 90 దాటినది అద్భుతం కింద, 95 దాటినది క్లాసిక్ కింద లెక్క. ఆకారం, కాలే తీరు, రుచి, మొత్తం ముద్ర అని విడగొట్టి వేస్తారు, సిగార్ చుట్టూ ఉండే పేరు కాగితాలు, అంటే బ్యాండ్లు, కనపడకుండా చేసి తాగుతారు. అంకెల కన్నా ఆ బ్యాండ్లు దాచే అలవాటు ఇంట్లో పనికొస్తుంది. ఎవరినైనా బ్యాండ్లు తీసి కాగితం మీద అంకె చుట్టి ఇమ్మనండి. ఓపస్ ఎక్స్ ఎర్ర బ్యాండ్ చూశాక నాలుక నిష్పాక్షికంగా ఉండటం కష్టం.

ఎవరికి ఏది

మీడియం సిగార్ల నుంచి పైకి వస్తున్నవాళ్లకు నా మొదటి ఎంపిక పడ్రోన్ 1926, అందులోనూ చిన్న సైజు. ఖర్చు ఎక్కువే, కానీ ఫుల్ అన్న మాటకు మంచి నిర్వచనంతో మొదలవుతారు. దానికి బదులు పార్టగాస్ సెరీ డి నం. 4 కూడా సరైన మెట్టే. కారం ఇష్టమై, ఆ కారం దిగాక ఏముందో చూసే ఓపికున్నవాళ్లు మై ఫాదర్ వైపు వెళ్లండి. తీపి, చిక్కదనం కోసమైతే లీగా ప్రివాడా నం. 9, పఫ్ వేగం అదుపులో పెట్టుకోగలిగితేనే. పొడి రుచికి కమాచో కొరోహో. ఘాటు కోసమే ఘాటు కావాలనుకుంటే అంతాన్యో 1970, డబుల్ లిగేరో రెండూ ఉన్నాయి. నా ఓటు అంతాన్యోకి, దాని రుచిలో నేల వాసన ఎక్కువ కాబట్టి. ఓపస్ ఎక్స్‌ని ఎంపిక దశలో కొనవద్దని చెప్తాను. పేరు, ధర, అరుదు అన్నీ కలిసి తీర్పును వంచేస్తాయి. మీ నాలుక మీద మీకు నమ్మకం కుదిరాక దాని దగ్గరకు వెళ్లండి.

అరగంటే ఉందనుకోండి, రొబుస్తో వెలిగించి తొందరపడే బదులు అదే బ్లెండ్‌లో పెతీ కొరోనా అనే చిన్న సైజు చూడండి. ఒంటికి అందే నికోటిన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

చేత్తో చుట్టినదేదైనా ఒక్క సిగార్‌తో తీర్పు చెప్పలేం. నచ్చిన రెండు మూడు రకాల్లో ఒకే సైజు రెండేసి విడివిడిగా కొనండి. రెండో సిగార్ మొదటిదాని నోట్స్‌తో కలవకపోతే మూడోది చూడండి; అప్పుడూ కలవకపోతే ఆ బ్లెండ్ ఎంత బాగున్నా పెట్టె కొనకండి. కలిసినదానికి పెట్టె తీసుకున్నాక, సగం పక్కన పెట్టి మీద తేదీ రాయండి. లిగేరో ఎక్కువున్న సిగార్లకు నిల్వ వల్ల మేలు ఎక్కువ జరుగుతుంది. ఏడాది గడిచాక వాటిలోంచి ఒకటి తీసి, పాత నోట్స్ చదవకుండా వెలిగించి, అయిపోయాక పక్కపక్కన పెట్టి చూసుకోండి.